టాపెట్ మూత: కరవుసీమలో ఒక ప్యాకింగు చరిత్ర

అనంతపురం జిల్లా చరిత్ర రాసినవారు కరవుల గురించి రాశారు, చెరువుల గురించి రాశారు. వచ్చిన కాలువల గురించి కొంతా, రాని కాలువల గురించి మరింతా రాశారు. బావిగట్టున పొగ చిమ్ముతూ నిలిచిన ఆయిలింజను గురించి నేను చదివినవాటిలో ఒకటి రెండు వాక్యాలకు మించి కనబడలేదు. ఆ ఇంజను నెత్తిన ఉండే మూతకూ, మూత కింద వేసే ప్యాకింగుకూ ఆ ఒకటి రెండు వాక్యాల భాగ్యం కూడా దక్కలేదు. ఎండిన నేలకు నీళ్లు ఎక్కించే పని ఒకప్పుడు ఆ ప్యాకింగు మీద ఎంత ఆధారపడిందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. దాన్ని కారకుండా కూర్చడమన్నది ఒక విద్య. ఆ విద్యకు కూడా ఒక చరిత్ర ఉంది.

ముందు పేర్ల సంగతి. మనం పాఠ్యపుస్తకాల్లో వాల్వును కవాటమని చదువుకున్నాం. ఆ లెక్కన దీన్ని కవాటపు మూత అనాలి. షెడ్డుల్లో ఆ మాట ఎవరూ అనరు. అక్కడ దాని పేరు టాపెట్ కవరు. నిజానికి టాపెట్ అన్నది క్యాము మీద కూర్చుని పుష్‌రాడ్‌ను పైకి నెట్టే భాగం. మూత కింద ఉండేవి రాకర్లూ, వాల్వు స్ప్రింగులూను. అయినా పేరు అలాగే స్థిరపడింది. గ్యాస్కెట్టు అన్న మాట కూడా హెడ్డు దగ్గరే ఎక్కువగా వినబడుతుంది. మిగిలిన అతుకులన్నిటి దగ్గరా అది ప్యాకింగే. పని చేసే చేతులు పెట్టుకున్న పేర్లు కనుక నేనూ వాటినే వాడుతున్నాను.

తోలుసంచి నుంచి ఆయిలింజను దాకా

బళ్లారి జిల్లా నుంచి విడివడి అనంతపురం జిల్లా 1882లో ఏర్పడింది. జనం ధాత కరవని చెప్పుకొన్న 1876-78 నాటి మహాకరవు ముగిసి అప్పటికి నాలుగేళ్లు. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డగిస్తాయి. ఈశాన్య ఋతుపవనాలు ఇంత లోపలికి వచ్చేసరికి చిక్కిపోతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ వేళకు వస్తుందన్న నమ్మకం లేదు. అందుచేత ఇక్కడి రైతుకు బావే దిక్కయింది.

బావి నుంచి నీరు తోడే సాధనం కపిల. జత ఎద్దులు ఏటవాలు దారిన కిందికి నడుస్తూ మోకును లాగితే, నిండిన తోలుసంచి బావిలోంచి పైకి వచ్చి తొట్టిలో నీరు వదులుతుంది. కపిల తోలే రైతు ప్రాణమంతా ఆ సంచి కుట్ల మీదే ఉండేది. ఎండలో తోలు బిరుసెక్కినా, కుట్టు వదులైనా పైకి వచ్చేలోగానే నీరు దారిలో కారిపోతుంది. ఎద్దులు నడిచిన నడక వృథా. అంటే కారకుండా చూసుకోవడమనే చింత మన బావులకు ఇంజనుతో వచ్చినది కాదు, అంతకుముందు నుంచీ ఉన్నదే.

ఈ రెండు యుగాలనూ కలిపిన మనిషి ఒకరున్నారు. మద్రాసులో ఇంజనీరింగు ఆచార్యుడిగా పనిచేసిన ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్. 20వ శతాబ్ది తొలి దశాబ్దంలో ఆయన మద్రాసు రాజధానిలో బావులకు ఆయిలింజన్లూ పంపులూ బిగించే ప్రయత్నాలకు నాయకత్వం వహించాడు. ఎత్తిపోతల సేద్యం మీద 1912లో పుస్తకం కూడా ప్రకటించాడు. ఆ దశాబ్దంలోనే ఆయన క్రోము పద్ధతిలో తోలు ఊనడాన్ని ప్రోత్సహించాడు. నీళ్లలో నానినా త్వరగా చెడని ఆ తోలుతో బావి సంచులు కుట్టించడం అప్పటి ముఖ్యోద్దేశాలలో ఒకటి. ఒక చేత్తో కపిల సంచికి మంచి తోలు వెతుకుతూ, రెండో చేత్తో కపిలనే ఇంటికి పంపే ఇంజనును తెచ్చిన మనిషి! అనంతపురం అప్పుడు మద్రాసు రాజధానిలో భాగమే కనుక ఈ కథ మనది కూడా.

మూత లేని కాలం

తొలినాటి ఆయిలింజన్లలో చాలావాటికి టాపెట్ మూతే లేదు. రాకర్లూ స్ప్రింగులూ బయటికే కనబడుతూ ఆడేవి. నూనెడబ్బా పట్టుకుని ఇంజను తిప్పే మనిషి వాటికి చుక్కలు చుక్కలుగా నూనె వేసేవాడు. వేసిన నూనె పని చేసి కారిపోయేది, మళ్లీ వేసేవాడు. అక్కడ కారడం లోపం కాదు, అదే పద్ధతి. ఇంగ్లండులోని డర్స్లీలో 1929లో మొదలై తర్వాత మన దేశమంతా అనుకరణలతో నిండిన లిస్టర్ ఇంజను నిమిషానికి 600, 650 చుట్లు మాత్రమే తిరిగేది. ఆ నిదానానికి చేతి నూనె సరిపోయేది.

వేగం పెరిగే కొద్దీ ఆ పద్ధతి సాగలేదు. 1500 చుట్లు తిరిగే ఇంజనులో రాకర్లు నిమిషానికి 750 సార్లు ఆడతాయి. వాటికి ఎడతెగకుండా నూనె కావాలి. నూనె ఎడతెగకుండా పైకి వస్తే దాన్ని చిందకుండా ఆపడానికి మూత కావాలి. మూత వేస్తే మూతకూ హెడ్డుకూ మధ్య సందు మూయడానికి ప్యాకింగు కావాలి. ఇలా ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. మన నేలకు మరొక కారణమూ తోడైంది. అనంతపురం ఎర్రదుమ్ము సంగతి ఎరిగినవారికి, నూనెతో తడిసిన రాకర్ల మీద ఆ దుమ్ము పడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అది నూనె కాదు, సానపెట్టే ముద్ద.

1946లో పూణేలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ సంస్థ ఏర్పడింది. తర్వాతి దశాబ్దాల్లో దాని 5 అశ్వశక్తుల ఇంజన్లూ, రాజకోటలో తయారైన చవక లిస్టర్ రకాలూ దక్షిణాది బావుల దాకా వచ్చాయి. కపిలలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

చుక్క విలువ

ఇక్కడ బావి నిర్మాణం గురించి ఒక మాట చెప్పాలి. గట్టు మీద కూర్చున్న పంపు నీటిని పీల్చగల లోతుకు ప్రకృతి పెట్టిన హద్దు ఉంది. గాలి ఒత్తిడి మహా అయితే 10 మీటర్ల చిల్లర ఎత్తుకు నీటిని నెట్టగలదు; ఆచరణలో 6, 7 మీటర్లకు మించదు. కరవు సంవత్సరంలో నీటిమట్టం అంతకంటే దిగిపోతే పంపునూ ఇంజనునూ బావిలోకే దించాలి. గోడ పక్కన దిమ్మె కట్టి దాని మీద కూర్చోబెట్టాలి. అప్పుడు ఇంజను నుంచి కారిన ప్రతి చుక్కా పడేది నీళ్లలోనే. ఆ నీరే పొలానికి, ఆ నీరే పశువులకు, చాలా ఊళ్లలో ఆ నీరే మనుషులకు.

ఇంజను సంగతి చూద్దాం. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుందాం. సెకనుకు ఒక చుక్క కారితే గంటకు 180 మిల్లీలీటర్లు. పది గంటలు ఆపకుండా నడిపితే దాదాపు 1.8 లీటర్లు. చిన్న ఇంజను కడుపులో పట్టే నూనె మూడు నాలుగు లీటర్లు. అంటే సాయంత్రం పెట్టిన ఇంజను తెల్లవారేసరికి సగం నూనె పోగొట్టుకుంటుంది. చూసుకోకపోతే బేరింగు పట్టేస్తుంది, క్రాంకు గీరుకుపోతుంది. వేరుశనగ ఊడలు దిగే వేళ, కాయ ఊరే వేళ ఒక్క తడి తప్పితే పంట చేతికి రాదు. పట్టేసిన ఇంజను బాగుపడి వచ్చేదాకా పైరు ఆగదు. కొన్ని అణాల ప్యాకింగు ఒక ఏడాది పంటను మోసేదంటే అతిశయోక్తి కాదు.

కార్కు కథ

చాలాకాలం ఆ ప్యాకింగు కార్కుదే. కార్కు అంటే మధ్యధరా ప్రాంతపు ఓక్ చెట్టు బెరడు. పోర్చుగల్ దీనికి పెట్టింది పేరు. ఒకసారి ఒలిచిన బెరడు మళ్లీ ఒలవడానికి తొమ్మిదేళ్లు ఆగాలి. 1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శిని కింద పెట్టి, చిన్న చిన్న గదులున్నాయని చూసి, వాటికి కణాలని పేరు పెట్టింది ఈ కార్కును చూసే. ఆ గదుల్లోని గాలే ప్యాకింగుగా దాని గొప్పతనం. నొక్కితే నలుగుతుంది, పక్కలకు ఉబ్బదు. రబ్బరు అలా కాదు. దాన్ని నొక్కితే నలగదు, ఎటో ఒకవైపు జరుగుతుంది. గాడి లేని చోట రబ్బరు ప్యాకింగును గట్టిగా బిగిస్తే లోపలికో బయటికో పాక్కుంటూ పోవడం ఇందువల్లే. కార్కు పొడిని రబ్బరుతో కలిపి చేసిన రేకులు రెండింటి మంచినీ కొంత తెచ్చాయి. నూనెకు చెడని కృత్రిమ రబ్బర్లు 1930ల నుంచి వచ్చాయి.

కార్కుకు ఒక బలహీనత ఉంది. తేమ పోతే అది కుంచించుకుపోతుంది, పెళుసెక్కుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల అనంతపురం గాలిలో తేమ ఎంత ఉంటుందో మనకు తెలిసిందే. దుకాణంలో మేకుకు వేలాడిన ప్యాకింగు వేసవి గడిచేసరికి రంధ్రాలు బోల్టులకు కలవనంతగా చిన్నదవుతుంది. అనుభవమున్న మెకానిక్కులు దాన్ని లాగి సాగదీయరు, లాగితే తెగుతుంది. కాసేపు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, గుడ్డతో తుడిచి, పూర్వపు కొలతకు వచ్చాక వేస్తారు. నీటి కోసం తిప్పే ఇంజనుకు ముందుగా గుక్కెడు నీళ్లు ప్యాకింగే తాగేదన్నమాట.

దాన్ని అంటించే జిగురు మాత్రం మన దేశపుదే. స్పిరిట్లో కరిగించిన షెల్లాకు, అంటే మన లక్క. ఛోటానాగపూర్ అడవుల్లో లక్కపురుగు చెట్టుకొమ్మల మీద పెట్టే గూడు. పోర్చుగీసు బెరడూ, మన అడవి లక్కా, పూణే ఇనుమూ కలిసి ఒక ఎర్రనేల బావిలో నీళ్లు తోడాయి.

బిగింపు ఒక్కటే విద్య కాదు

మూత కారితే ఎవరి చెయ్యి అయినా మొదట స్పానరు మీదికే పోతుంది. కారుతోంది కనుక ఇంకా బిగిద్దాం అనిపిస్తుంది. నష్టమంతా అక్కడే. రేకుమూత అంచు పలచనిది. బోల్టు దగ్గర అతిగా బిగిస్తే అక్కడ అంచు కిందికి గుంటపడుతుంది, రెండు బోల్టుల నడుమ అంచు పైకి లేస్తుంది. బోల్టు కింద ప్యాకింగు నలిగి చిట్లుతుంది, మధ్యలో వదులవుతుంది. ఎంత బిగిస్తే అంత కారుతుంది. కావలసింది బలం కాదు, అంతటా సమానమైన ఒత్తిడి.

తరాలుగా నిలిచిన పద్ధతి ఇది. మొదట, కారేది మూతేనా అని తేల్చుకోవాలి. ఇంజనును కడిగి ఆరబెట్టి, అనుమానమున్న చోట ముగ్గుపిండి చల్లి కాసేపు నడిపితే తడి ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. ఇంజను చల్లబడ్డాక మూత తీయాలి. పాత ప్యాకింగును రెండు ముఖాల నుంచీ పొల్లు లేకుండా గీకాలి. గీకిన పొట్టు లోపల పడకుండా గుడ్డ కప్పాలి. పెట్రోలు తడిపిన గుడ్డతో జిడ్డు పోయేదాకా తుడిచి ఆరనివ్వాలి. ఇల్లలకగానే పండగ కాదన్నట్టు, పాత జిడ్డు మీద కొత్త జిగురు రాస్తే అది నిలవదు.

తర్వాత మూత అంచును చదునైన ఇనుపదిమ్మె మీద పెట్టి చూడాలి. బోల్టు రంధ్రాల చుట్టూ గుంటలుంటే కింది వైపు నుంచి చిన్న సుత్తితో మెల్లగా సరిచేయాలి. ప్యాకింగుకు జిగురు మూత వైపే రాయాలి. హెడ్డు వైపు పొడిగా వదలాలి. అలా చేస్తే మళ్లీ విప్పినప్పుడు ప్యాకింగు చిరగదు. జిగురు పట్టేదాకా మూతను బోర్లించి బరువు పెట్టాలి. ఎక్కించాక బోల్టులన్నీ ముందు వేళ్లతోనే తిప్పి, ఆపైన నడిమి నుంచి అంచులకు, ఒకటి విడిచి ఒకటి, రెండు మూడు విడతల్లో బిగించాలి. 6 మిల్లీమీటర్ల బోల్టుకు తయారీదారులు సాధారణంగా చెప్పే బిగింపు 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు. ఆ మాట తెలియని రోజుల్లో మెకానిక్కులు పొట్టి స్పానరును మధ్యలో పట్టుకుని మణికట్టుతోనే తిప్పేవారు. లెక్క అదే. ఇంజను ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ చెయ్యి వేసి చూడాలి. రెండే నట్లతో నిలిచే చిన్న మూతల్లో నట్టు కింది వాషరును కూడా మార్చాలి, చాలాసార్లు నూనె వచ్చేది ఆ దారినే.

ఇంత చేసినా కారితే? అప్పుడు మూతను వదిలి బ్రీదరును చూడాలి. పిస్టను రింగుల పక్కనుంచి కొంత వాయువు ఎప్పుడూ కిందికి దిగుతుంది. అది బయటికి పోయే దారి బ్రీదరు. దుమ్మూ జిడ్డూ కలిసి ఆ దారి మూసుకుపోతే లోపలి ఒత్తిడి నూనెను ఏదో ఒక సందులోంచి నెడుతుంది. ఎంత మంచి ప్యాకింగైనా ఆ ఒత్తిడికి నిలవదు. ఇంజనుకు ఊపిరి ఆడాలి. బిగించడం ఎంత ముఖ్యమో వదలవలసిన చోట వదలడం అంత ముఖ్యం. ఈ విద్య సారమంతా నాకు ఈ ఒక్క మాటలో ఉందనిపిస్తుంది.

ఇంజను వెళ్లిపోయాక

1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడ్డాక పల్లెలకు తీగలు విస్తరించాయి. బావిగట్టున ఇంజను ఉన్నచోట కరెంటు మోటారు వచ్చింది. తర్వాత తెరచిన బావులే ఎండిపోసాగాయి. బోర్లు వచ్చాయి, వాటిలోకి సబ్మర్సిబుల్ మోటార్లు దిగాయి. 2004లో సేద్యానికి ఉచిత విద్యుత్తు వచ్చాక డీజిలు కొని నీరు తోడాలనుకునే రైతు అరుదయ్యాడు. నూనె కారే సమస్య తీరింది, నీరే కనబడని సమస్య మిగిలింది. ఇంజను షెడ్డుల్లో చాలావరకు మోటారు చుట్టలు చుట్టే దుకాణాలయ్యాయి. ఆ పాత విద్య పెద్ద రూపంలో మిగిలింది రైల్వే షెడ్డుల్లో. గుత్తి డీజిలు షెడ్డు సాకిన డబ్ల్యూడీఎం-2 ఇంజన్లవి 2600 అశ్వశక్తులు, 16 సిలిండర్లు. ఒక్కో సిలిండరుకు ఒక్కో మూత, ఒక్కో ప్యాకింగు. అక్కడ కారిన నూనె వేడి గొట్టం మీద పడితే మంటే.

2016 ఆగస్టులో ఈ చరిత్ర ఒక మలుపు తిరిగింది. ఖరీఫ్ వేరుశనగ వాడిపోతుంటే రాష్ట్ర ప్రభుత్వం అనంతపురం జిల్లాకు రెయిన్ గన్లనూ, పైపులనూ, వాటితోపాటు ఆయిలింజన్లనూ తరలించింది. నీటికుంటల నుంచీ ట్యాంకర్ల నుంచీ నీరు తీసి చేలమీద వానలా చిమ్మించి రక్షక తడి ఇవ్వడం ఉద్దేశం. తీగలు లేని చేను నడుమ మోటారు పనికిరాదు కనుక, ఎప్పుడో వెళ్లిపోయిందనుకున్న ఇంజను తిరిగి పొలానికి వచ్చింది. ఆ తడుల ఫలితం గురించి అప్పుడూ తర్వాతా వాదాలు నడిచాయి. నేను వాటి జోలికి పోను. నాకు కనిపించిన విషయం వేరు. రెయిన్ గన్ను తిరగాలంటే నీటికి మంచి ఒత్తిడి కావాలి, ఇంజను నిండు బరువుతో గంటల తరబడి నడవాలి. యంత్రాలను లారీల మీద ఒక్కరోజులో తేవచ్చు. మణికట్టు లెక్క తెలిసిన చేతులను అలా తేలేం. అవి తయారు కావడానికి ఒక తరం పడుతుంది, మరిచిపోవడానికీ ఒక తరమే పడుతుంది.

2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం ప్రారంభమైంది. ఆ ఊరు 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. నేటి కార్ల ఇంజన్లలో చాలావాటి మూత ప్లాస్టిక్కుది. దాని అంచున గాడి, గాడిలో అచ్చుపోసిన రబ్బరు. బోల్టు మెడలో ఒక గొట్టం ముక్క. బోల్టు అంతవరకే దిగుతుంది, ఎంత బలవంతుడు తిప్పినా ప్యాకింగు అంతకు మించి నలగదు. ఒకప్పుడు మెకానిక్కు మణికట్టులో ఉన్న హద్దును ఎవరో ఇంజనీరు బోల్టులోకి ఎక్కించాడు. ఇది మంచిదే. అయితే ఆ గొట్టం ముక్క వెనక ఎన్ని వేల చేతుల అనుభవం ఉందో గుర్తుపెట్టుకోవడం మన బాధ్యత అనుకుంటాను. చరిత్ర అంటే ఆనకట్టలు కట్టించినవారి పేర్లే కాదు, నీరు ఆగకుండానూ నూనె కారకుండానూ చూసినవారి నేర్పు కూడా.

ఆ నేర్పు ఏ తెలుగు పుస్తకంలోనూ నాకు దొరకలేదు. చెప్పగలవారు ఇప్పుడు డెబ్బై దాటినవారు. మీ ఊళ్లో పాత ఇంజను మెకానిక్కు ఎవరైనా ఉంటే వారి దగ్గర కూర్చుని, వారు వాడిన మాటలతోనే రాసిపెట్టండి. కార్కును ఎలా నానబెట్టేవారో, దేంతో అంటించేవారో, ఎక్కడిదాకా బిగించి ఆపేవారో అడగండి. మనకు అక్షరాలున్నాయి, రాసుకోవడానికి చోటు ఉంది. వారి దగ్గర విషయం ఉంది, కాలం మాత్రం ఎక్కువ లేదు.